నీళ్ల రంగు

తెల్లారి నాలుక్కి రొయ్యల గుంట కట్టెక్కి
నీళ్ల రంగు చూడటం నా పని.
పచ్చగా ఉంటే మేత వెయ్యాలి,
టీ డికాక్షన్లా ఉంటే ఆగాలి,
తెల్లగా విరిగితే యజమానికి ఫోను చెయ్యాలి.
పదకొండేళ్లుగా నాకు ఇదొక్కటే చదువు.

అల్లూరు నించి నెల్లూరు పొగతోటకి ఆటోలో తెచ్చేటప్పుడు
వెంగమ్మ మోకాళ్లు కడుపులోకి ముడుచుకోని
రొయ్య మాదిరే వంగిపోయింది.
ఫ్యాక్టరీలో దినానికి నలభై కేజీల తలలు తీసే మనిషి
తన తల ఎత్తలేకపోయింది.

డాక్టరు ముందు అడిగిన మాట:
"తాగుతుందా?"
తర్వాత చిన్న డాక్టరు, తర్వాత స్కానింగు పిల్లోడు,
ఆఖరికి పక్క మంచం ముసలాయన.
నేను తల దించుకున్నా.
తాగేది నేను.
పండుకుంది ఆమె.

పిత్తాశయంలో పెసరగింజంత రాయి
జారి దోవకి అడ్డం పడిందంట.
అన్నం అరిగించే రసం బయటికి పోలేక
పుట్టిన ఇంటినే అరిగించుకుంటా ఉందంట.
క్లోమం అని చీటీ వెనక బొమ్మ గీశాడు.
నాకది ఎండుచేప మాదిరి కనబడింది.

పద్దెనిమిది రోజులు.
జొరం ఎక్కింది, దిగింది.
పక్కలోకి గొట్టం, గొట్టం చివర సంచి.
ఎంత పడిందో సిస్టర్ సలోమి రాసుకునేది,
ఏ రంగో నేను చూసేవాణ్ణి.
బూడిద. పసుపు. మళ్లీ బూడిద.
"ఏందయ్యా, మీ గుంటనుకున్నావా?" అని నవ్వేది.

పంతొమ్మిదో రోజు, నాలుక్కి,
ఎవరూ లేపకుండానే మెలకువొచ్చింది.
సంచి అడుగున ఎర్రమన్ను కలిసిన నీళ్లు,
రెండు స్పూన్లు కూడా ఉండవు.
వెంగమ్మ నిద్రలో ఉంది.
ఇంత కొంచేనికి ఎవర్నన్నా పిలవాలా అనుకున్నా.

కట్టకి గండి పడేముందు
ఎండ్రకాయ బొక్కలోంచి ఇంతే వస్తుంది,
చెంబుడు బురద.
చూసి ఊరుకున్నోడి గుంట
పొద్దెక్కేసరికి కాలవలో ఉంటుంది.

అరిచా.
సలోమి ఈసారి నవ్వలేదు.

ఆ రసం పక్కనున్న రక్తనాళం గోడని
నాకి నాకి పలచన చేసిందంట,
పలచనైన చోట బుడగ లేచిందంట.
లిఫ్టు తలుపు తెరుచుకునేలోపే అది పగిలింది.
సంచి నిండింది. నోట్లోంచీ వచ్చింది.
నా చేతిలో ఆమె చెయ్యి
ఐసుపెట్టెలోంచి తీసినంత చల్లన.

ఎనిమిది సీసాల రక్తం కావాలన్నారు.
గుంటల కాడి పిల్లోళ్లు బండ్లేసుకోని వచ్చారు.
బ్లడ్‌బ్యాంకులో నేనూ చొక్కా చెయ్యి మడిచా.
"రాత్రి తాగావా?"
ఆ ప్రశ్న ఇన్నాళ్లకి సరైన తలుపు తట్టింది.
నిద్ర పట్టడంలేదని ఒక క్వార్టరు.
చొక్కా చెయ్యి దించుకున్నా.

మేత షాపు దశరథరామిరెడ్డి,
నేను ఎనభై వేలు బాకీ ఉన్న మనిషి,
నా కుర్చీలో కూర్చోని పిడికిలి బిగించాడు.
"బాకీ బాకీనే. ఇది వేరే లెక్క" అన్నాడు
నా వైపు చూడకుండా.

తొడ దగ్గర చిన్న గాటు,
దాంట్లోంచి దారమంత గొట్టం,
గొట్టంలోంచి తీగ చుట్టలు,
బుడగకి ముందొకటి, వెనకొకటి.
మేము ఇసక బస్తాలేస్తాం.
వాళ్లు తీగలేశారు.
ఆగింది. ఆగిందని ఎవరూ గట్టిగా చెప్పలేదు.
"రేపు చూద్దాం" అన్నారు, నాలుగు రేపులు.

అయిదో రోజు నోట్లో గొట్టం తీశాక
వేలితో నన్ను దగ్గరికి రమ్మంది.
సంచిలో పసుపే ఉందని చెప్పబోయా.
వినలేదు. ఇంకా దగ్గరికి, అంది వేలు.
ఏదో చెప్తుందని చెవి వంచా.

నా నోటి వాసన చూసింది.

ఆ తర్వాతే
అటు తిరిగి పండుకుంది.